బీబీఏకు మారాక సెమిస్టర్ భారం మోయలేకపోతున్నారా?

రెండో సెమిస్టర్ చివర మేజర్ (ప్రధాన సబ్జెక్టు) మార్పు కోరే వీలును యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 నాటి డిగ్రీ పాఠ్య ప్రణాళికలో కల్పించింది. సీటు ఖాళీగా ఉండాలి, కాలేజీ ఒప్పుకోవాలి. తిరుపతిలో బీఎస్సీలో చేరి బీబీఏ వైపు, బీకాం వైపు మళ్లినవారికి మూడో సెమిస్టర్‌లో వచ్చే ఇబ్బందులు దాదాపు ఒకేలా ఉంటాయి. లోపం సబ్జెక్టుల సంఖ్యలో కన్నా వాటిని పేర్చుకున్న వరుసలోనే ఎక్కువ.

లక్షణం: క్రెడిట్లు అందరితో సమానమే, అయినా ఏ వారమూ గట్టెక్కడం లేదు

కారణం: ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్‌లో 15 గంటల బోధన. ఇంట్లో పడే కష్టం ఆ లెక్కలోకి రాదు. మేనేజ్‌మెంట్ సూత్రాలకూ, అకౌంటింగ్‌కూ క్రెడిట్లు ఒకటే కావచ్చు. మొదటిది పరీక్షల ముందు కూర్చుని చదివి నెగ్గేవారున్నారు (అలా చేయమని చెప్పడం లేదు). రెండోదానికి రోజూ చేత్తో లెక్క చేయాల్సిందే. మేజర్ మారినవారు కొత్త లెక్కల పేపర్లతో పాటు మొదటి ఏడాదిలో తప్పిపోయినవి కూడా ఒకేసారి నెత్తికెత్తుకుంటారు.

పరిష్కారం: పేపర్లను లెక్కలవి, చదివేవి అని విడదీయండి. మేజర్ పేపర్ల వరుసను విశ్వవిద్యాలయమే నిర్ణయిస్తుంది, అక్కడ మీరు చేయగలిగింది లేదు. తప్పిపోయిన పేపర్లు ఎప్పుడు రాయాలి, మైనర్ (అనుబంధ సబ్జెక్టు)గా ఏది ఉంచుకోవాలి అన్నవి మాత్రం చాలావరకు మీ చేతిలోవే. ఇప్పటికే స్టాటిస్టిక్స్, అకౌంటింగ్ ఉన్న సెమిస్టర్‌లో మూడో లెక్కల పేపర్ కలపకండి, చదివే పేపర్ కలపండి. దీనికి మినహాయింపు ఫైనాన్షియల్ అకౌంటింగ్ ఒక్కటే, దాని సంగతి కింద ఉంది.

లక్షణం: కాస్ట్ అకౌంటింగ్ తరగతిలో ఏమీ అర్థం కావడం లేదు

కారణం: పునాది పేపర్ దాటేసి వచ్చారు. ఎంపీసీ, బైపీసీ నుంచి వచ్చినవారికి చిట్టా (జర్నల్), ఆవర్జా (లెడ్జర్), అంకణా (ట్రయల్ బ్యాలెన్స్) పరిచయం ఉండదు. గణితం వచ్చు కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. అంకణా కుదరకపోతే కూడికలే తప్పాయని కాదు, పద్దును ఖర్చు (డెబిట్) వైపు రాయాలో, జమ వైపు రాయాలో తెలియకపోయి ఉండొచ్చు.

పరిష్కారం: ఫైనాన్షియల్ అకౌంటింగ్‌ను మాత్రం వాయిదా వేయకండి, ఎంత బరువైనా మొదటి అవకాశంలోనే రాయండి. కార్పొరేట్, కాస్ట్, మేనేజ్‌మెంట్ అకౌంటింగ్‌లన్నీ దాని మీదే నిలబడతాయి. తరగతులు మొదలయ్యేలోపు ఇంటర్ సీఈసీ కామర్స్ పుస్తకం తెచ్చుకుని ముగింపు లెక్కల దాకా చేయండి. ట్యాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) శిక్షణ ఆ తర్వాత. అది మొత్తాలు కూడి పెడుతుంది గానీ పద్దు అటు ఎందుకు పడిందో చెప్పదు.

లక్షణం: అన్నీ పాసయ్యారు, డిగ్రీకి క్రెడిట్లు చాలడం లేదు

కారణం: మొదటి ఏడాది తెచ్చుకున్న క్రెడిట్లన్నీ కొత్త మేజర్‌లో కలిసిపోతాయనుకున్నారు. యూజీసీ విధానంలో మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు కావాలి, అందులో మేజర్‌వే 60. భాషలు, నైపుణ్య కోర్సులు మామూలుగా అలాగే నిలుస్తాయి. పాత మేజర్ పేపర్లకే చోటు దొరకదు: ఇతర శాస్త్రాల (మల్టీడిసిప్లినరీ) గడిలో పట్టేవి 9 క్రెడిట్లే.

పరిష్కారం: మైనర్‌కు 24 క్రెడిట్ల చోటుంది. కంప్యూటర్స్ వదిలి బీబీఏకు వచ్చినవారు కంప్యూటర్స్‌నే మైనర్‌గా ఉంచమని అడగడం మేలు. పాత కష్టం వృథా కాదు, ఉద్యోగానికీ ఆ జోడీ పనికొస్తుంది. ఏ పేపర్ ఏ గడిలోకి వెళ్లిందో పట్టిక రాసి శాఖాధిపతి సంతకం తీసుకోండి. “చూద్దాంలే బాబూ” అన్న మాట పరీక్షల విభాగంలో చెల్లదు. క్రెడిట్లను ఆన్‌లైన్‌లో భద్రపరిచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతాలో మీ క్రెడిట్లు చేరాయో లేదో కూడా చూసుకోండి.

లక్షణం: సెప్టెంబరు, అక్టోబరు వచ్చేసరికి అంతా తారుమారు

కారణం: బ్రహ్మోత్సవాల రద్దీ. హోటల్లోనో, ట్రావెల్స్ ఆఫీసులోనో సాయంత్రం పని చేసేవారికి గంటలు పెరిగేది అప్పుడే.

పరిష్కారం: అదనపు పేపర్లను ఆ సెమిస్టర్‌లో పెట్టకండి, తర్వాతి దానికి జరపండి. శ్రీకాళహస్తి, పుత్తూరు నుంచి రోజూ వచ్చేవారు బస్సులో చదివే పేపర్లు చూసుకోవచ్చు. లెక్కలకు మాత్రం బల్ల కావాలి.

లక్షణం: ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’లో పూర్తి చేసిన కోర్సును కాలేజీ లెక్కలోకి తీసుకోలేదు

కారణం: ముందు అడగలేదు. పేరు కలిసినంత మాత్రాన సరిపోదు, క్రెడిట్లూ పాఠ్యాంశాలూ సరిపోలాలి.

పరిష్కారం: నమోదుకు ముందే కోర్సు వివరాలు చూపించి, ఏ పేపర్‌కు బదులుగా తీసుకుంటారో రాతపూర్వకంగా అడగండి. ధ్రువపత్రం వచ్చాక తిరిగితే చెప్పులరగడమే.