నాయన మెయిళ్లు అమ్మ ఫోన్‌లోకి

తిరుపతి బైరాగిపట్టెడలోని మా ఇంటి అటక మీద ఒక పాత కంప్యూటర్ ఉండేది. 2002 నుంచి 2009 దాకా అమెరికాలోని అన్నకు నాయన రాసిన మెయిళ్లన్నీ అందులో ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ అనే పాత మెయిల్ ప్రోగ్రామ్‌లో ఉండిపోయాయి. నాయన పోయిన ఏడాదికి అమ్మ అడిగింది: "పాపా, మీ నాయన రాసిండేవి నా ఫోన్లో వచ్చేట్టు చేయవా?"

మొదట ఒక షాపులో ఇచ్చాను. వాళ్లు నేరుగా పీడీఎఫ్ చేసి ఇచ్చారు. తేదీలు లేవు, జత చేసిన ఫోటోలు లేవు. చాలా బాధేసింది. అందుకే చెప్తున్నాను, పీడీఎఫ్ చివరి పని, మొదటి పని కాదు.

పాత కంప్యూటర్‌ను ఆన్ చేయకండి. ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ తెరిస్తే ఫోల్డర్లు కుదించమంటావా అని అడగవచ్చు. డిలీట్ చేసిన మెయిళ్లు కూడా ఆ కుదింపు జరిగేదాకా ఫైల్లోనే ఉంటాయి, కుదిస్తే పోతాయి. మధ్యలో కరెంటు పోతే మంచి మెయిళ్లకే ముప్పు. హార్డ్ డిస్క్ విప్పి, యూఎస్‌బీ అడాప్టర్‌తో కొత్త కంప్యూటర్‌కు కలపండి. దాచిన ఫైళ్లు కనిపించేలా సెట్టింగ్ మార్చండి. విండోస్ ఎక్స్‌పీలో అయితే డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్, యూజర్ పేరు, లోకల్ సెట్టింగ్స్, అప్లికేషన్ డేటా, ఐడెంటిటీస్ అనే దారిలో వెళ్లాలి. దారి తెలియకపోతే డీబీఎక్స్ అని వెతకండి. ఒక్కో మెయిల్ ఫోల్డర్‌కు ఒక్కో డీబీఎక్స్ ఫైలు ఉంటుంది. అన్నీ కాపీ చేసి, ఇంకో కాపీని పెన్‌డ్రైవ్‌లో ముట్టుకోకుండా పెట్టండి.

తర్వాత అన్‌డీబీఎక్స్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ఆ ఫైళ్లను విడదీశాను. ఒక్కో మెయిల్ ఒక్కో ఈఎంఎల్ ఫైలుగా బయటికి వస్తుంది, తేదీ, ఫోటోలతో సహా. ఫైలు దెబ్బతిని ఉంటే ఆ ప్రోగ్రామ్‌లో రికవర్ అనే పద్ధతి కూడా ఉంది. మీది ఎక్స్‌ప్రెస్ కాకుండా మామూలు ఔట్‌లుక్ అయితే పీఎస్‌టీ ఫైలు ఉంటుంది, దానికి రీడ్‌పీఎస్‌టీ అనే ప్రోగ్రామ్ వాడాలి. అది ఎంబాక్స్‌గా, అంటే ఒక ఫోల్డర్ మెయిళ్లన్నీ ఒకే ఫైల్లో ఉండేలా మారుస్తుంది.

ఇప్పుడు థండర్‌బర్డ్ అనే ఉచిత మెయిల్ ప్రోగ్రామ్. అందులో ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్ టూల్స్ ఎన్‌జీ అనే యాడ్ఆన్ (ప్రోగ్రామ్‌కు తగిలించుకునే అదనపు పనిముట్టు) వేసుకుని, లోకల్ ఫోల్డర్స్ కింద కొత్త ఫోల్డర్ చేసి, ఈఎంఎల్‌లు దానిలోకి తెచ్చాను. నాయన రాసినవి సెంట్ ఐటమ్స్‌లో, అన్న జవాబులు ఇన్‌బాక్స్‌లో వేరువేరుగా ఉన్నాయి. రెంటినీ ఒకే ఫోల్డర్‌లో వేసి తేదీ వరుసలో పెట్టాక, ఇద్దరూ ఎదురుగా కూర్చుని మాట్లాడుకున్నట్టు వచ్చింది. ఈ ఒక్క పని మాత్రం వదలకండి.

తెలుగు దగ్గర కొంచెం టెన్షన్ ఉంటుంది. యూనికోడ్ తెలుగు, తలమీద గీతలున్న ఇంగ్లిష్ అక్షరాలుగా కనిపిస్తే, వ్యూ మెనూలో రిపేర్ టెక్స్ట్ ఎన్‌కోడింగ్ నొక్కి చూడండి. యూనికోడ్ కాని పాత అను ఫాంట్‌లో టైపు చేసినవైతే అది పనిచేయదు, యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ వాడాలి. నాయన ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసేవాడు. వాటిని అలాగే వదిలేశాను, అదే ఆయన రాత.

చివరగా అదే యాడ్ఆన్‌తో రెండు రకాలుగా తీశాను. కంప్యూటర్‌కు విషయసూచికతో హెచ్‌టీఎంఎల్, అమ్మ ఫోన్‌కు పీడీఎఫ్. పీడీఎఫ్‌లో జత ఫోటోలు రాకపోవచ్చు, వాటిని విడిగా సేవ్ చేయండి. ఫైలు పేరు తేదీతో మొదలయ్యేలా సెట్ చేస్తే వరుస చెదరదు.

అమ్మ మొదట అడిగింది 2003 అక్టోబర్ 1, బ్రహ్మోత్సవాలప్పుడు అలిపిరిలో ముఖ్యమంత్రి కాన్వాయ్ మీద బాంబు పేలిన రోజు. ఆ రాత్రి నాయన అన్నకు రాసిన మెయిల్‌లో మూడే ముక్కలున్నాయి: మేమంతా ఇంట్లోనే ఉన్నాం, అమ్మ భోంచేసింది, నువ్వు నిద్రపో.