అన్ని హంగులూ ఉన్న పాత సొంత విమానాన్ని అమ్మడం ఎలా

సొంత విమానాన్ని అమ్మకానికి పెట్టాలనుకున్న యజమాని సాధారణంగా కొన్న ధరను కాగితం మీద వేసుకుని, తర్వాత తాను బిగించిన జీపీఎస్, ఆటోపైలట్, గ్లాస్ డిస్‌ప్లేల బిల్లులను ఒక్కొక్కటిగా దాని కింద కలుపుకుంటూ పోతాడు. కాకిపిల్ల కాకికి ముద్దే గానీ, కొనడానికి వచ్చినవాడు ఆ కూడిక చెయ్యడు. విమానం తన చేతికి వచ్చాక ఇంకా ఎంత ఖర్చు పెట్టవలసి వస్తుందో లెక్కవేసి, ఆ మొత్తాన్ని మార్కెట్ ధరలోంచి తీసివేస్తాడు. పరికరాలకు పెట్టిన డబ్బులో, ముఖ్యంగా వాటిని బిగించడానికి ఇచ్చిన కూలిలో, కొంత భాగమే అమ్మకంలో తిరిగి వస్తుంది. మంచి పరికరాల వల్ల కలిగే అసలు మేలు వేరు. ఇంచుమించు ఒకే ధరకు దొరికే విమానాల్లో మీదానికి ముందుగా ఫోన్ రావడానికి, బేరంలో ధర జారిపోకుండా ఉండడానికి అవి పనికివస్తాయి. ఈ తేడాను ఒప్పుకున్నాకే ధర కట్టడానికి కూర్చోవాలి.

అదే మోడల్, దగ్గరి తయారీ సంవత్సరం, ఎగిరిన గంటలు దగ్గరగా ఉన్న విమానాలు ఎంతకు అమ్ముడుపోతున్నాయో చూడడం మొదటి పని. ప్రకటనల్లో కనిపించేవి అడిగే ధరలే తప్ప ముట్టిన ధరలు కావు. నెలల తరబడి కదలకుండా ఉన్న ప్రకటన ఆ ధర ఎక్కువని మాత్రమే చెబుతుంది. ధరల పట్టికలు, బ్రోకర్ల అభిప్రాయం, మీ మోడల్ యజమానుల సంఘం, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక అంచనా వస్తుంది. ఆ అంచనాను అన్నిటికన్నా ఎక్కువగా కదిపేది ఇంజన్. ఉదాహరణకు, లైకమింగ్ కంపెనీ చేసే చాలా నాలుగు సిలిండర్ల ఇంజన్లకు తయారీదారు సూచించే ఓవర్‌హాల్ (ఇంజన్‌ను పూర్తిగా విప్పి బాగుచేసే) వ్యవధి 2000 గంటలు లేదా 12 సంవత్సరాలు, వీటిలో ఏది ముందైతే అది. సొంత వాడకంలో ఉన్న విమానానికి ఆ గడువు చాలా దేశాల్లో చట్టపరమైన హద్దు కాకపోయినా, కొనేవాడి మనసులో అదే హద్దు. దానికి దగ్గరపడిన ఇంజన్ ముందు ప్యానెల్ ఎంత మెరిసినా, అతను ఓవర్‌హాల్ ఖర్చును తీసివేసిన తర్వాతే మాట్లాడతాడు.

పరికరాలన్నీ ఒక్క తీరుగా విలువ చెయ్యవు. కొన్ని ఉంటే ధర పెరగదు, లేకపోతే మాత్రం తగ్గుతుంది. అమెరికాలో ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కు జవాబిచ్చే పరికరం) అవసరమైన గగనతలంలో చాలా భాగానికి 2020 జనవరి నుంచి, విమానం తన స్థానాన్ని తానే ప్రసారం చేసే ఏడీఎస్‌-బీ అవుట్ తప్పనిసరి అయింది కాబట్టి, అక్కడ దాన్ని గొప్ప హంగుగా ప్రకటించడం కారుకు బ్రేకులున్నాయని ప్రకటించడం లాంటిదే. మబ్బుల్లో ప్రయాణించే కొనుగోలుదారుకు రన్‌వే వైపు దిగేటప్పుడు ఎత్తు విషయంలో కూడా దారి చూపే ఎల్‌పీవీ అప్రోచ్‌కు (ఉపగ్రహాల సాయంతో దిగే పద్ధతికి) అర్హత ఉన్న జీపీఎస్, దానితో సవ్యంగా కలిసి పనిచేసే ఆటోపైలట్ నిజంగా విలువైనవి. నా లెక్కలో అందరూ తక్కువగా చూసే పరికరం ఇంజన్ మానిటర్. ఒక్కో సిలిండర్ ఉష్ణోగ్రతను అది నమోదు చేసుకున్న కొన్ని నెలల డేటాను దించి కొనేవాడి ముందు పెడితే, ఇంజన్‌ను ఎలా నడిపారన్న ప్రశ్నకు మీరు నోటితో చెప్పే జవాబుకన్నా అది బలంగా చెబుతుంది. సీట్ల తోలు, ప్రత్యేకమైన రంగుల చారలు మీ ఇష్టానికి చేయించుకున్నవి. వాటికి వేరే ధర ఆశించకండి.

ఇదే కారణంగా, అమ్మే ముందు కొత్త పరికరం బిగించడం దాదాపు ఎప్పుడూ నష్టమే. కొనేవాడికి వేరే కంపెనీ స్క్రీన్ నచ్చవచ్చు, తన డబ్బుతో తనకు కావలసినది బిగించుకునే స్వేచ్ఛకే అతను విలువ ఇవ్వవచ్చు. ఉన్నవాటిని పనిచేయించడానికి పెట్టే చిన్న ఖర్చు మాత్రం దండగ కాదు. వెలగని లైటు, అప్పుడప్పుడు మొరాయించే రెండో రేడియో, వదులైన తలుపు సీలు, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా కనిపించనివాటి గురించి అనుమానం మొదలవుతుంది. బాగుచేయించలేనిదానికి పనిచేయదని చీటీ అతికించి, ప్రకటనలోనే రాయండి. విమానాన్ని లోపలా బయటా కడిగించండి. ఇంజన్ కింది భాగంలో పేరుకున్న నూనె మరకలను కూడా వదలకండి.

ఇక కాగితాలు. సగటు అమ్మకందారు దీనికి ఒక సాయంత్రం చాలనుకుంటాడు. ఒక వారం కేటాయించడం నయం. ఎయిర్‌ఫ్రేమ్, ఇంజన్, ప్రొపెల్లర్ లాగ్‌బుక్‌లను మొదటి పేజీ నుంచి తిరగేసి, ప్రతి పేజీనీ స్పష్టంగా స్కాన్ చెయ్యండి. ప్రతి నమోదులో తేదీ, ఆనాటి గంటలు, చేసిన పని, వాడిన భాగం నంబరు, ఆమోదించిన వ్యక్తి సంతకం ఉన్నాయో లేదో చూడండి. ఒక్క లాగ్‌బుక్ పోయినా ధర గణనీయంగా పడిపోతుంది. పాత మెకానిక్‌ల దగ్గర, ఓవర్‌హాల్ షాపుల దగ్గర వర్క్ ఆర్డర్ల నకళ్ళు దొరికితే కొంతవరకు పూడ్చుకోవచ్చు గానీ పూర్తిగా కాదు. అసలు పుస్తకాలను మాత్రం ఎవరికీ పోస్టులో పంపకండి; చూడాలనుకున్నవారు మీ ముందే చూడాలి, అమ్మకం పూర్తయిన రోజునే అవి చేతులు మారాలి.

లాగ్‌బుక్‌లతో పాటు ఎయిర్‌వర్దినెస్ డైరెక్టివ్‌ల (విమానయాన అధికారులు జారీచేసే తప్పనిసరి భద్రతా ఆదేశాల) పట్టిక ఒకటి మీ మెకానిక్ చేత తయారు చేయించండి. ఒకసారి చేస్తే అయిపోయేవి ఎప్పుడు పూర్తయ్యాయో, మళ్ళీమళ్ళీ చెయ్యవలసినవి తిరిగి ఏ తేదీకి లేదా ఎన్ని గంటలకు వస్తాయో అందులో ఉండాలి. తర్వాత మార్పు చేర్పులకు అనుమతి పత్రాలు, ప్రతి పరికరానికీ ఫ్లైట్ మాన్యువల్‌కు జతచెయ్యవలసిన సప్లిమెంట్లు. బాగా హంగులున్న విమానాల్లో చిక్కు ఎక్కువగా ఇక్కడే వస్తుంది. జీపీఎస్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌కు మారి ఉంటుంది, సప్లిమెంట్ మాత్రం పాత వెర్షన్‌దే ఉండిపోతుంది. ఆటోపైలట్ బిగించినట్టు లాగ్‌బుక్‌లో ఉంటుంది, బరువు, సమతూకం నివేదికలో కనిపించదు. ఆ నివేదిక విషయంలో ఒక మాట. పరికరం తీసిన ప్రతిసారీ, బిగించిన ప్రతిసారీ కాగితం మీద లెక్కకట్టుకుంటూ వచ్చిన బరువుకూ తక్కెడ మీద కనిపించే బరువుకూ తేడా ఉండడం మామూలే, ఎందుకంటే పాత పరికరాలు తీసేసినా వాటి వైర్లు చాలాసార్లు లోపలే ఉండిపోతాయి. విమానాన్ని తూకం వేయించి, ఎంత బరువు మోయగలదో కచ్చితమైన అంకె ప్రకటనలో ఇస్తే కుటుంబంతో ప్రయాణించే కొనుగోలుదారు దాన్నే మొదట చదువుతాడు.

పాత ప్రమాదాలు దాచినా దాగవు. జాగ్రత్తగా చదివే కొనుగోలుదారుకు ప్రమాదం అన్న మాట లాగ్‌బుక్‌లో కనిపించనక్కర లేదు. ఏడు నెలలు గంటలు కదలకుండా ఉండి, ఆ తర్వాత కొత్త ప్రొపెల్లర్, ఇంజన్ విప్పి చేసిన తనిఖీ, రెక్క కొసన కొత్త రేకు వరుసగా నమోదై ఉంటే, ప్రొపెల్లర్ నేలను తాకిందని అతను ఇట్టే గ్రహిస్తాడు. అతను అడగకముందే ఏం జరిగిందో, ఎవరు బాగుచేశారో, ఏయే భాగాలు మార్చారో ఫొటోలతో సహా ఇచ్చేస్తే, అది బాగా చేసిన మరమ్మతుగా లెక్కలోకి వస్తుంది. అతనే కనిపెడితే బేరం అక్కడితో ఆగిపోతుంది.

ఇంజన్ గురించి రాసేటప్పుడు పదాలు తూచి వాడాలి. సిలిండర్లు మాత్రమే మార్చిన టాప్ ఓవర్‌హాల్‌ను ఓవర్‌హాల్ అని రాయడం మోసం కిందికే వస్తుంది. తయారీదారు లేదా అతను అధికారం ఇచ్చిన సంస్థ పునర్నిర్మించి సున్నా గంటల లాగ్‌బుక్‌తో ఇచ్చిన ఇంజన్ వేరు, స్థానిక షాపులో ఓవర్‌హాల్ అయిన ఇంజన్ వేరు. తక్కువ గంటలు కూడా అన్నివేళలా గొప్ప కాదు. చాలా లైకమింగ్ ఇంజన్లలో వాల్వులను కదిలించే క్యామ్‌షాఫ్ట్ పై భాగంలో ఉంటుంది. ఎగరకుండా నెలలు గడిస్తే దాని మీది నూనె జారిపోయి తుప్పు పట్టే వీలుంది. పాతికేళ్ళలో కొద్ది గంటలే ఎగిరిన విమానంకన్నా క్రమం తప్పకుండా ఎగురుతూ వచ్చినదాన్ని తెలిసినవారు ఎక్కువగా నమ్ముతారు. కాబట్టి గత కొన్నేళ్ళలో ఏటా ఎన్ని గంటలు ఎగిరిందో రాయండి, ఆయిల్ విశ్లేషణ నివేదికలుంటే జతచెయ్యండి. అమ్మకానికి పెట్టిన తర్వాత కూడా దాన్ని హ్యాంగర్‌లో వదిలెయ్యకుండా ఎగరేస్తూనే ఉండండి.

ప్రకటనలో ఇవన్నీ అంకెలతో ఉంటే చాలు, విశేషణాలు అక్కర లేదు. ప్యానెల్‌ను ఆన్ చేసిన ఫొటో, రెక్కల ముందంచులు, చక్రాలు, ఇంజన్ కవరు తీసిన ఫొటో, రంగు లేచిన చోటు ఉంటే అదీ పెట్టండి. పైకి కనిపించని గడువులను కూడా రాయాలి: సిర్రస్ ఎస్ఆర్22 వంటి విమానంలో ఆపదలో మొత్తం విమానాన్నే కిందికి దించే పారాచూట్‌ను పదేళ్ళకోసారి మార్చాలి, ఆ ఖర్చు పెద్దది కాబట్టి చివరిసారి ఎప్పుడు మార్చారన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. వచ్చే ఫోన్లకు జవాబిచ్చే తీరిక లేనివారు బ్రోకర్‌కు అప్పగించడమే మేలు, అయితే కమీషన్ ఎంతో, ఒప్పందం ఎన్నాళ్ళో ముందే రాతలో ఉండాలి.

చూడడానికి వచ్చిన ప్రతివారినీ గాలిలోకి తీసుకెళ్ళనక్కర లేదు. ధర మీద సూత్రప్రాయంగా ఒప్పుకుని, బయానాను ఎస్క్రో ఖాతాలో (బేరం ముగిసేదాకా మూడో పక్షం దగ్గర ఉండే ఖాతాలో) వేసినవారికే ప్రదర్శన విమానయానం అన్న నియమం పెట్టుకోండి. ఆ ప్రయాణంలో పైలట్ బాధ్యత మీదో, మీ బీమా పాలసీ ఒప్పుకున్న వేరొకరిదో కావాలి. కొనేవాడు ఎంత అనుభవజ్ఞుడైనా తాళం చేతికిచ్చి పంపకండి. అతను రాకముందు ఇంజన్‌ను వేడెక్కించకండి. చల్లటి ఇంజన్ ఎలా మొదలవుతుందో అతను చూడాలనుకుంటాడు, ముట్టుకుంటే వేడిగా తగిలిన కవరు అతనికి వెంటనే అనుమానం పుట్టిస్తుంది. పైకి వెళ్ళాక ఆటోపైలట్ చేత ఎత్తు నిలిపించి, మలుపు తిప్పించి, ఒక అప్రోచ్ పూర్తిగా చేయించి చూపండి.

తర్వాతి ఘట్టం కొనుగోలుకు ముందు తనిఖీ. దీన్ని కొనేవాడి ఖర్చుతో, మీ విమానాన్ని ఇంతవరకు చూడని మెకానిక్ చెయ్యడం న్యాయం. ఏం విప్పుతారో, ఏం చూస్తారో, ఎవరి అనుమతితో ఏం బాగుచేస్తారో ముందే రాసుకోవాలి. ఇది వార్షిక తనిఖీ కాదని కూడా స్పష్టంగా రాయండి. షాపు దాన్ని వార్షిక తనిఖీగా మొదలుపెట్టి, సంతకం చెయ్యలేనన్న లోపాల జాబితా ఇచ్చి, ఈలోగా కొనేవాడు తప్పుకుంటే, పరాయి ఊళ్ళో విడిభాగాలుగా పడి ఉన్న విమానం మీ నెత్తిన పడుతుంది. సాధారణ ఆనవాయితీ ప్రకారం ఎగరడానికి అర్హతను దెబ్బతీసే లోపాలు అమ్మేవాడి ఖర్చు, మిగతావి బేరానికి లోబడినవి. కంప్రెషన్ పరీక్ష అంకెలు చూసి కంగారు పడకండి. సిలిండర్‌లోకి 80 పీఎస్ఐ పీడనంతో గాలి పెట్టి ఎంత నిలిచిందో చూసే ఆ పరీక్షలో అంకెతో పాటు గాలి ఎటు పోతోందో కూడా ముఖ్యమే. ఎగ్జాస్ట్ గొట్టంలో బుసబుసమంటే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ పోసే మూతి దగ్గర వినిపిస్తే పిస్టన్ రింగులు. సిలిండర్ లోపలికి దూర్చే సన్నని కెమెరా అయిన బోర్‌స్కోప్‌తో వాల్వు ముఖం ఫొటో తీయిస్తే ఆ వాదన సగం తగ్గుతుంది.

ఒప్పందంలో విమానం సీరియల్ నంబరు, ఇంజన్ నంబరు, ధర, బయానా ఏ పరిస్థితిలో తిరిగి ఇస్తారో, అప్పగించే చోటు, ఏ క్షణం నుంచి నష్టభయం కొనేవాడిదవుతుందో ఉండాలి. విమానంతో పాటు వెళ్ళే వస్తువుల జాబితా విడిగా జతపరచండి. హెడ్‌సెట్లు, ఆక్సిజన్ సిలిండర్, టో బార్, కవర్లు, టాబ్లెట్ గురించి వచ్చే తగవులు మొత్తం ధరతో పోలిస్తే హాస్యాస్పదంగా చిన్నవి, చేదు మాత్రం పెద్దది. విమానం మీద బ్యాంకు తాకట్టు ఉంటే విడుదల పత్రం సిద్ధం చేసుకోండి. ఎప్పుడో తీర్చేసిన అప్పు రికార్డులో ఇంకా బతికే ఉండడం అరుదేమీ కాదు, కాబట్టి కొనేవాడికన్నా ముందు మీరే హక్కుల శోధన చేయించుకోవడం మంచిది. డబ్బు, విక్రయ పత్రం రెండూ ఎస్క్రో ద్వారానే మారాలి. పన్ను నియమాలు అప్పగించే చోటును బట్టి మారవచ్చు, కాబట్టి చోటు నిర్ణయించే ముందే సలహాదారును అడగండి.

కొనేవాడు వేరే దేశంవాడైతే పని పెరుగుతుంది. 1944 నాటి షికాగో ఒప్పందం ప్రకారం ఒక విమానం ఒకేసారి రెండు దేశాల్లో చెల్లుబాటుగా నమోదై ఉండడానికి వీల్లేదు. మీ దేశపు రిజిస్ట్రేషన్ రద్దు కావాలి, చాలా సందర్భాల్లో ఎగుమతి ఎయిర్‌వర్దినెస్ సర్టిఫికెట్ కావాలి. ట్రాన్స్‌పాండర్‌లో విమానాన్ని గుర్తుపట్టించే మోడ్ ఎస్ కోడ్ కూడా కొత్త రిజిస్ట్రేషన్‌కు తగినట్టు మారాలి. రద్దు దరఖాస్తును మాత్రం సొమ్ము ఎస్క్రోలోకి వచ్చేదాకా పెట్టకండి, ఎందుకంటే రిజిస్ట్రేషన్ లేని విమానం మీ దగ్గరే మిగిలిపోతే దాన్ని కనీసం మరో ఊరికి కూడా ఎగరేయలేరు.

అప్పగించే రోజున జీపీఎస్‌లో మీరు దాచుకున్న స్థలాలు, మార్గాలు, జతచేసిన ఫోన్లు చెరిపేసి, డేటాబేస్ చందాలను బదిలీ చెయ్యండి లేదా రద్దు చెయ్యండి. ఉపగ్రహాలు పాత అత్యవసర బీకన్‌ల 121.5 మెగాహెర్ట్జ్ సంకేతాలను గమనించడం 2009 ఫిబ్రవరిలో ఆగిపోయింది. ఇప్పుడు వాడుకలో ఉన్న 406 మెగాహెర్ట్జ్ అత్యవసర బీకన్ యజమాని వివరాలతో నమోదై ఉంటుంది. ఆ నమోదు మార్చకపోతే, విమానం ఎక్కడో గట్టిగా దిగినప్పుడు గాలింపు కేంద్రం ఫోన్ మీకు వస్తుంది. డబ్బు ఖాతాలో పడిందని నిర్ధారించుకున్నాకే బీమా రద్దు చెయ్యండి. విక్రయ పత్రం నకలు దాచుకుని, అమ్మకం సంగతిని రిజిస్ట్రీకి మీరే స్వయంగా తెలియజేయండి. కొనేవాడు ఆ పని ఆలస్యం చేస్తే అప్పటిదాకా ల్యాండింగ్ రుసుముల బిల్లులన్నీ మీ చిరునామాకే వస్తుంటాయి.