ఇంట్లో బైక్ స్టాండ్ చేసే ముందు

రిపేరు చేసేటప్పుడు బైక్ వెనక వైపు ఎత్తి నిలబెట్టే స్టాండ్ ఇది. రంపం పట్టుకునే ముందు బైక్ మాన్యువల్‌లో కెర్బ్ వెయిట్ (పెట్రోల్, ఆయిల్‌తో కలిపి బైక్ బరువు) చూడండి. 150 కిలోల బైక్ అయితే స్టాండ్ 300 కిలోలకైనా ఆగాలనేది నా లెక్క. బిగుసుకుపోయిన నట్టు విప్పేటప్పుడు మనం లాగే బలం కూడా దాని మీదే పడుతుంది.

– చెక్కలో పగుళ్లు, పెద్ద ముడులు ఉండకూడదు. బరువు మోసే చోట మేకులు వద్దు, ఇటునుంచి అటు దూరే బోల్టులు, వాషర్లు వేయండి. మేకులు ఊగి ఊగి వదులవుతాయి, పైకి తెలియదు కూడా.

– జీఐ పైపు వెల్డింగ్ అయితే అతికే చోట జింక్ పూత ముందే తీసేయాలి. ఆ పొగ పీలిస్తే వణుకు, జ్వరం వస్తాయి. బైక్, పెట్రోల్ దూరంగా ఉంచండి.

– స్టాండ్ ఆనేది స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి లాంటి భాగం) కింద, సైలెన్సర్ కింద కాదు.

– అడుగు వెడల్పుగా ఉండాలి.

ముందు ఇసుక బస్తాలు పెట్టి ఒక గంట వదిలేయండి. కిర్రుమంటే విప్పి మళ్లీ చేయాల్సిందే. బైక్ ఎక్కించే రోజు గట్టి, సమమైన నేల చూసుకుని, ముందు బ్రేకు లివర్‌ను పట్టీతో బిగించి కట్టండి. హ్యాండిల్ పట్టుకోవడానికి ఇంకొకరు తప్పకుండా ఉండాలి.