తడి రబీలో విత్తనం – 3వ పాఠం: పదును చూడటం

పోయిన పాఠంలో చేలో నిలిచిన నీరు బయటికి పోయేలా కాలువలు తీశాం, విత్తన శుద్ధి నేర్చుకున్నాం. ఈ పాఠానికి ఒక చిన్న పార, మీ చెయ్యి, అరగంట ఓపిక ఉంటే చాలు.

అదును అంటే కాలం. పదును అంటే విత్తనానికి సరిపోయే తడి. ప్రకాశం, కర్నూలు, కడప వైపు నల్లరేగడిలో శనగకు అక్టోబరు మధ్య నుంచి నవంబరు మధ్య దాకా మంచి అదును. మామూలు ఏడాదిలో రెండూ కలిసొస్తాయి. స్వాతి, విశాఖ కార్తెల్లో ముసురు విడవకపోతే మాత్రం అదును దాటిపోతుంటుంది, పదును రాదు. పక్క చేలో ట్రాక్టరు చప్పుడు వినిపిస్తే మనకు టెన్షన్ మొదలవుతుంది.

ఒక ఏడాది నేనూ అలాగే దిగాను. నాలుగు రోజుల ముసురు తర్వాత ఒక్క రోజు ఎండ కాసింది, పైమట్టి తెల్లబడింది. "ఇంకో రెండు రోజులు ఆగరా, కింద జిగట పోలేదు" అని నాన్న చెప్పినా వినలేదు. గొర్రు (విత్తనం వేసే పనిముట్టు) కర్రులకు మట్టి ముద్దలు ముద్దలుగా పట్టింది, పది బారలకోసారి దిగి గీకాల్సి వచ్చింది. గింజలు కొన్ని పైనే ఉండిపోయాయి, కొన్ని ముద్దల కింద పడ్డాయి. వారానికి ఆ ముద్దలు ఎండి రాళ్లయ్యాయి. మూడెకరాల్లో సగం మళ్లీ విత్తాను. రెండు రోజులు ఆగలేక పదిహేను రోజులు పోగొట్టుకున్నాను.

అలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే ఆగడం కష్టం కాదు. రేగడి మట్టి తడికి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. ఉబ్బి ఉన్నప్పుడు కర్రు దిగితే చాలు (కర్రు గీసిన గాడి) పక్కలు అలికినట్టు నున్నగా మెరుస్తాయి. మట్టిలో గాలి ఆడే సందులు మూసుకుపోతాయి. శనగ గింజ నీరు పీల్చి ఊరుతున్నప్పుడు గాలి కావాలి, అది అందకపోతే కుళ్లుతుంది. మొలిచినా వేరు ఆ నున్నటి గోడను దాటలేక చాలు వెంబడే పాకుతుంది. తడిలో రోటవేటర్ తిప్పితే ఇంకా నష్టం: పైన మెత్తగా కనబడుతుంది, కింద పలక కడుతుంది.

ఇప్పుడు చేలోకి దిగండి. మెరకలో ఒకచోట, మధ్యలో ఒకచోట, పల్లంలో ఒకచోట పారతో తవ్వండి. పైమట్టి చూసి మోసపోవద్దు, విత్తనం పడేది అక్కడ కాదు. 5 సెంటీమీటర్ల లోతులో ఒక పిడికెడు, 10 సెంటీమీటర్ల లోతులో ఒక పిడికెడు మట్టి తీయండి. గట్టిగా పిసికి ముద్ద చేసి, నడుము ఎత్తు నుంచి గట్టి నేల మీద వదలండి. చపాతీలా అతుక్కుంటే ఆగాలి. నాలుగైదు ముక్కలై విడిపోతే పదును వచ్చినట్టే. ముద్దే కట్టకుండా పొడిపొడిగా రాలితే తడి తక్కువైంది.

రెండో పరీక్ష అరచేతుల మధ్య. అదే మట్టిని పెన్సిలంత పుల్లలా చుట్టండి. సన్నగా, పొడుగ్గా సాగుతుంటే ఇంకా జిగట ఉందని అర్థం. చుట్టేటప్పుడే పగుళ్లిచ్చి తెగిపోతే దిగొచ్చు. 5 సెంటీమీటర్ల దగ్గర తెగి, 10 దగ్గర సాగుతుంటే? నేనైతే ఇంకో రోజు చూస్తాను. ఎందుకంటే గొర్రు పైన నడిచినా ట్రాక్టరు బరువు కిందికే దిగుతుంది.

చివరి పరీక్ష గొర్రుతోనే. విత్తనం పోయకుండా పది గజాలు లాగి, చాలు పక్కలు చూడండి. మెరుస్తుంటే బండి వెనక్కి తిప్పండి. డీజిల్ ఖర్చయిందని బాధపడొద్దు, విత్తనం సంచీ ఇంకా చేతిలోనే ఉంది. మూడు చోట్లా ఒకేసారి పదును రాదు కూడా. మెరక ముందు విత్తి, పల్లాన్ని రెండు మూడు రోజులకు విత్తినా తప్పు లేదు.

లోతు గురించి ఒక మాట. మామూలుగా తడిని వెతుక్కుంటూ 8 సెంటీమీటర్ల దాకా వేస్తాం. తడి ఏడాదిలో 5 చాలు.

విత్తనం ఎంత? జేజీ-11 అనే శనగ రకంలో నూరు గింజలు సుమారు 22 గ్రాములు తూగుతాయి. వరుసల మధ్య 30, మొక్కల మధ్య 10 సెంటీమీటర్లు అనుకుంటే ఎకరానికి లక్షా 35 వేల మొక్కలు, అంటే దాదాపు 30 కిలోలు. నూటికి 80 మాత్రమే పైకి వస్తాయనుకుంటే 37 కిలోలు కావాలి. కానీ జిగటలో ఎంత ఎక్కువ పోసినా కుళ్లేవి కుళ్లుతాయి. ఈ లెక్క పదును ఉన్న చేనుకే.

విత్తే ముందు వాతావరణ శాఖ సూచన చూడండి. రెండు మూడు రోజుల్లో భారీ వాన ఉందంటే విత్తనం ఇంట్లోనే ఉండనివ్వండి. విత్తాక వాన పడితే ముందు కాలువలు తెరవండి. నీరు తీసిన రెండో రోజు ఐదారు చోట్ల మీటరు చాలు తవ్వి చూడండి. పది పన్నెండు గింజలు ఉండాలి. వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా చితికి వాసన వేసేవి పోయినట్టే. ఆరు గట్టిగా ఉంటే నేను ఆ చేను దున్ని మళ్లీ విత్తను, శనగ పక్కకొమ్మలు వేసి కొంత సర్దుకుంటుంది.

కృష్ణా డెల్టాలో మాగాణి మినుము సంగతి వేరు. అక్కడ దుక్కి లేదు. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు నిలబడ్డ పైరులోనే ఎకరానికి 16 నుంచి 18 కిలోలు చల్లుతారు. గింజ బురద మీదే మొలకెత్తాలి కాబట్టి మన ముద్ద పరీక్ష అక్కడ పనికిరాదు. మడిలో నడిచి చూడాలి: అడుగు ముద్ర పడాలి, ఆ ముద్రలో నీరు ఊరకూడదు. ఊరుతుంటే గట్టు తెంచి ఒక రోజు ఆగాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు డెల్టాలో వరి నేలకొరిగి నీళ్లలో నానింది. అలాంటి మడిలో మినుము చల్లితే గింజ నీళ్లపాలే. ముందు మురుగు తీయాలి, తర్వాతే విత్తనం మాట.

అభ్యాసం: ఈసారి వాన తెరపి ఇచ్చిన రోజు నుంచి వరుసగా ఐదు రోజులు, ఒకే మూడు చోట్ల, పొద్దున ఒకే వేళకు ముద్ద పరీక్ష చేయండి. ముద్ద ఎలా విరిగిందో, పుల్ల ఎక్కడ తెగిందో, ఆ రోజు ఎండా మబ్బా, గాలి ఎలా ఉందో రాసుకోండి. మీ చేనుకు పదును రావడానికి వాన వెలిశాక ఎన్ని రోజులు పడుతుందో అందులో తేలుతుంది. ఆ కాగితం దాచండి, 4వ పాఠంలో అదును దాటిన చేలో శనగ వేయాలా, పంట మార్చాలా అని లెక్క వేసేటప్పుడు అది ముందు పెట్టుకుందాం.