శ్మశానవాటికలో పూలు, ఆకుల చెత్తను వేరు చేసి ఎరువుగా మార్చడం

సమాధుల దగ్గర పోగయ్యే చెత్తలో వాడిన పూలు, రాలిన ఆకులు, కోసిన గడ్డి, కత్తిరించిన కొమ్మలే ఎక్కువగా ఉంటాయి కాబట్టి, దానిలో చాలా భాగాన్ని ఎరువుగా మార్చవచ్చు. చిక్కంతా పుష్పగుచ్ఛాలతోనే. ఒకదానిని విప్పి చూస్తే పూల కింద ఇనుప తీగ, ప్లాస్టిక్ రిబ్బను, కాడలు గుచ్చే ఆకుపచ్చని స్పాంజి బయటపడతాయి. వేలితో నొక్కితే పొడిగా రాలే ఆ స్పాంజి మట్టిలో కలిసిపోతుందని చాలామంది పొరబడతారు గాని, సాధారణంగా అది ఫినాల్-ఫార్మాల్డిహైడ్‌తో చేసిన ప్లాస్టిక్, కుళ్లదు. అందువల్ల పుష్పగుచ్ఛాలను కుప్పలో వేయకముందే విప్పాలి. తర్వాత ఏరడం దాదాపు అసాధ్యం. కొవ్వొత్తి ముక్కలు, గాజు, కుండీలు వేరే డబ్బాలోకి వెళ్లాలి. ఆత్మీయులు ఉంచిన పూలు కనుక, పూర్తిగా వాడిపోయేవరకు వాటిని తీయకపోవడం మర్యాద.

పచ్చి గడ్డి, పూలు ఒక వంతుకు ఎండుటాకులు, కొమ్మల ముక్కలు రెండు మూడు వంతుల చొప్పున పొరలుగా వేయాలి. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలే రావాలి; నీరు ధారగా కారితే మరిన్ని ఎండుటాకులు కలపాలి. కుప్ప లోపలి వేడి 55 డిగ్రీల సెల్సియస్ దాటి కొన్ని రోజులు నిలిస్తే కలుపు విత్తనాలు చాలావరకు చస్తాయి. వేడి తగ్గగానే కుప్పను తిరగేయాలి. సమాధుల కోసం తవ్విన మట్టిని మాత్రం ఇందులో కలపకుండా, విడిగా పోసి ఉంచాలి.