లైవ్ పోకర్‌లో మీ విన్ రేట్ లెక్క ఎక్కడ తప్పుతోంది: సమస్య - పరిష్కారం

బెంగళూరులో ప్రతి శుక్ర, శనివారాలు టేబుల్ దగ్గర కూర్చునే తెలుగువాళ్ల కోసం ఇది. నో లిమిట్ హోల్డెమ్ ఆడటం వచ్చనీ, బై-ఇన్ (కూర్చునేటప్పుడు పెట్టే డబ్బు), క్యాష్ అవుట్ (లేచేటప్పుడు తీసుకునే డబ్బు) ఫోన్‌లో రాసుకునే అలవాటు ఉందనీ అనుకుంటున్నాను. రాసుకోనివాళ్లు ముందు ఆ పని మొదలుపెట్టండి. జ్ఞాపకం మీద ఆధారపడిన విన్ రేట్‌ను ఎవరూ సరిచేయలేరు.

ఏ సమస్య అయినా మొదట చూడాల్సింది ఒక్కటే. రాసిన అన్ని సెషన్ల లాభనష్టాలూ కలపండి, అన్ని గంటలూ కలపండి, డబ్బును గంటలతో భాగించండి. అదే మీ విన్ రేట్. రెండు నిమిషాల పని ఇది. దీన్ని చేయకుండానే స్టేక్స్ (ఆడే ఆట పందెం స్థాయి) పెంచాలా, కోచింగ్ తీసుకోవాలా అని అడిగేవాళ్లే ఎక్కువ.

"పుస్తకంలో లాభం, చేతిలో డబ్బు లేదు"

ఎక్కువగా రీబైల (మధ్యలో మళ్లీ చిప్స్ కొనడం) దగ్గరే తేడా వస్తుంది. కౌంటర్‌లో కొన్న చిప్స్ రాస్తారు. ఆట మధ్యలో పక్కవాళ్ల దగ్గర తీసుకుని, తర్వాత యూపీఐ చేసిన అయిదు వేలు రాయరు. చిప్స్ చేతికి రాగానే, కార్డులు చూడకముందే రాయండి.

రేక్ (పాట్‌లోంచి, అంటే హ్యాండ్‌లో పోగైన పందెం సొమ్ములోంచి నిర్వాహకులు తీసుకునే వాటా) విషయంలో కొందరు రెండుసార్లు కోత వేసుకుంటారు. పాట్‌లోంచి తీసే రేక్ మీ క్యాష్ అవుట్‌లో ఎప్పుడో తగ్గిపోయింది, మళ్లీ తీసేయక్కర్లేదు. గంటకు ఇంత అని విడిగా కట్టే టేబుల్ ఛార్జీ, జేబులోంచి ఇచ్చిన టిప్పులు, మారతహళ్లి నుంచి క్యాబ్ మాత్రం తీసేయాలి. హైదరాబాద్ నుంచి ఆట కోసమే వచ్చేవాళ్లు బస్సు, రూము కూడా కలపాలి. ప్రైవేట్ గేముల్లో "సోమవారం పంపిస్తా బ్రో" అన్న డబ్బును ఖాతాలో పడేదాకా సున్నాగానే రాయండి. ఇక పన్ను: పేకాట గెలుపు మీద ఆదాయపు పన్ను 30 శాతం, దాని మీద సెస్సు. ఖర్చులు చూపించి తగ్గించుకునే వీలు లేదు.

"పదిలో ఏడు రోజులు గెలుస్తున్నా అన్నా, డబ్బు మాత్రం నిలవట్లేదు"

ఎక్కువమందిని ముంచేది ఇదే. రికార్డు నిజాయితీగానే ఉంటుంది, ఒక్క సెషనూ దాచి ఉండరు. అయినా లెక్క తప్పుతుంది. ఒక ఉదాహరణ చూడండి. ఆట 50/100 (స్మాల్ బ్లైండ్ 50, బిగ్ బ్లైండ్ 100: ప్రతి హ్యాండ్‌కూ ఇద్దరు తప్పనిసరిగా ముందే పెట్టే పందేలు), బై-ఇన్ పది వేలు. మొదటి శుక్రవారం రెండు గంటల్లో 8,000 లాభం. శనివారం రెండు గంటల్లో 6,000 లాభం. తర్వాతి శుక్రవారం గంటలోనే 5,000 లాభం. ఆ మర్నాడు పది గంటలు కూర్చుని 24,000 నష్టం.

చాలామంది ఏ సెషన్‌కు ఆ సెషన్ గంట రేటు వేసి, వాటి సగటు తీస్తారు. వరుసగా 4,000, 3,000, 5,000, మైనస్ 2,400. సగటు గంటకు 2,400 లాభం! పైగా నాలుగింట్లో మూడు గెలుపులు. ఇప్పుడు మొత్తాలు కలపండి. 15 గంటలకు 5,000 నష్టం, అంటే గంటకు సుమారు 333 రూపాయలు పోతున్నాయి. సెషన్ల సగటులో ఒక గంట ఆటకూ పది గంటల ఆటకూ ఒకే విలువ వస్తుంది. తేడా అంతా అక్కడే ఉంది.

అసలు నష్టం దీని వెనకాల ఉన్న అలవాటులో ఉంది. కాస్త లాభం రాగానే దాన్ని కాపాడుకోవాలని లేస్తాం. అప్పటికి టేబుల్ మీద డబ్బులు వదిలేసే ఆటగాళ్లు ఇద్దరు ముగ్గురు కూర్చునే ఉంటారు. నష్టంలో ఉన్న రోజు మాత్రం తెల్లవారుజాము మూడింటికి కూడా లేవం. ఆ వేళకు బలహీనమైన ఆటగాళ్లు ఇంటికెళ్లిపోయి ఉంటారు, స్టాకులు (ఒక్కొక్కరి ముందున్న చిప్స్) పెద్దవై ఉంటాయి, మనకు నిద్ర ముంచుకొస్తుంటుంది. మంచి గంటలు తక్కువ ఆడి, చెడ్డ గంటలు ఎక్కువ ఆడుతున్నామన్నమాట.

మీ సంగతి తెలుసుకోవడానికి గెలిచిన సెషన్ల సగటు నిడివి, ఓడిన సెషన్ల సగటు నిడివి పక్కపక్కన వేయండి. ఓడినవి రెట్టింపు ఉంటే ఈ జబ్బు మీకున్నట్టే. అప్పటి నుంచి గంటకోసారి టేబుల్ మీద ఉన్న స్టాక్ ఎంతో, ఆ గంటలో ఎంత రీబై చేశారో ఫోన్‌లో వేసుకోండి. ఇరవై ముప్పై సెషన్లు అయ్యాక మొదటి అయిదు గంటలు ఒకవైపు, ఆ తర్వాతి గంటలు ఒకవైపు పెట్టి విడివిడిగా భాగించండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. అయిదో గంట ముగిసేసరికి మీరు 12,000 కింద ఉంటే, ఆ 12,000 మొదటి భాగానికే రాయాలి. ఆరో గంట లెక్క ఆ క్షణంలో ఉన్న స్టాక్ నుంచే మొదలవ్వాలి. పాత నష్టాన్ని రాత్రి గంటల మీదకు తోస్తే, రాత్రి ఆట బాగున్నా చెడ్డగా కనిపిస్తుంది. సరిగ్గా విడదీశాక కూడా రెండో భాగం బాగా కిందే ఉంటే, లేచే టైమ్ ఇంట్లో బయల్దేరేటప్పుడే పెట్టుకోండి. లాభమైనా నష్టమైనా అదే టైమ్. ఇది పాటించడం చాలా కష్టం. దయచేసి పాటించండి.

"గంటకు పది బిగ్ బ్లైండ్లు వస్తున్నాయి"

ఏ బ్లైండ్లు? పేరుకు 50/100 గేమ్, కానీ రాత్రి పదింటి నుంచి ప్రతి హ్యాండ్‌కూ 200 స్ట్రాడిల్ (కార్డులు చూడకముందే బ్లైండ్ల పైన పెట్టే అదనపు పందెం) పడుతుంటే మీరు ఆడుతున్నది దాదాపు రెట్టింపు గేమ్. గంటకు వెయ్యి రూపాయలను 100తో భాగిస్తే పది, 200తో భాగిస్తే అయిదు. స్ట్రాడిల్ గంటలను వేరే గేమ్‌గా రాయండి. మధ్యలో పిఎల్ఓ (పాట్ లిమిట్ ఒమాహా, ఇంకో రకం పోకర్) రౌండ్ పెడితే దాన్నీ విడిగా రాయండి.

"రెండు నెలల్లో రేటు మొత్తం పడిపోయింది"

చాలావరకు ఏమీ పాడైపోలేదు, గంటలే చాలవు. లైవ్‌లో గంటకు 25 నుంచి 30 హ్యాండ్లు వస్తాయి. 2025లో ఆన్‌లైన్ మనీ గేమ్స్‌ను నిషేధిస్తూ కేంద్ర చట్టం వచ్చాక లైవ్‌కు మారినవాళ్లు ఆన్‌లైన్ కంటే హ్యాండ్లు చాలా తక్కువన్న ఈ తేడాను మనసుకు ఎక్కించుకోవాలి. గంటకు స్టాండర్డ్ డీవియేషన్ (ఫలితం సగటు నుంచి ఎంత అటూ ఇటూ ఊగుతుందో చెప్పే కొలత) 50 బిగ్ బ్లైండ్లు అనుకుందాం. నిజంగా గంటకు అయిదు గెలవగల ఆటగాడు వంద గంటల్లో 500 గెలవాలి, కానీ ఆ వంద గంటల స్టాండర్డ్ డీవియేషన్ కూడా 500. అంటే అలాంటి ఆటగాళ్లు ఆరుగురిలో ఒకరు వంద గంటల తర్వాత నష్టంలోనే ఉంటారు. 400 గంటలకు కూడా మీ గంట రేటులో అటూ ఇటూ అయిదు బిగ్ బ్లైండ్ల దాకా (రెండు స్టాండర్డ్ డీవియేషన్లు) తేడా ఉండొచ్చు. 1,600 గంటలకు అది రెండున్నరకు దిగుతుంది. వారానికి ఎనిమిది గంటలు ఆడితే 400 గంటలకే ఏడాది పడుతుంది. అరవై గంటల ఫలితం చూసి టెన్షన్ పడి స్టేక్స్ మార్చకండి. ఆ టైమ్‌లో గుర్తున్న పెద్ద పాట్‌లు రాసుకుని, మీకంటే బాగా ఆడే స్నేహితుడితో కూర్చుని చూసుకోండి. ఆటలో నిజంగా లోపం ఉంటే రేటు కంటే ముందు అక్కడే బయటపడుతుంది.

మిగతావి

యాప్ తప్పు కూడింది, డీలర్ పాట్ తప్పు తోశాడు, ఫలానా సీటు కలిసిరాలేదు: వీటితో టైమ్ వృథా చేసుకోకండి. ఇద్దరు కలిసి ఆడుతున్నారన్న అనుమానం ప్రైవేట్ గేముల్లో ఎప్పుడైనా నిజం కావచ్చు. రుజువు కోసం కూర్చోకుండా ఆ గేమ్ మానేయండి. అక్కడి గంటలను మాత్రం లెక్కలోంచి చెరిపేయకండి.