జీవో 3 మీద డిబేట్‌కి ఎలా తయారవ్వాలి

సుబేదారిలోని కాకతీయ యూనివర్సిటీ లా కాలేజీలో చదివాను. ఇప్పుడు హన్మకొండ కోర్టులో ప్రాక్టీస్. డిబేట్ దగ్గరపడితే జూనియర్లు వచ్చి "అక్కా, ఒక టాపిక్ చెప్పు" అంటారు. నేను ప్రతిసారీ జీవో 3 తీసుకోమనే చెప్తాను. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇస్తూ 2000 జనవరి 10న ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ఉత్తర్వు అది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. కేసు పేరు చేబ్రోలు లీలా ప్రసాదరావు. ఏటూరునాగారం, తాడ్వాయి పిల్లల చదువు ఇందులో ఉంది.

మొదట బేర్ యాక్ట్ (వ్యాఖ్యానం లేని అసలు చట్టం పాఠం), అంటే ఇక్కడ రాజ్యాంగం తీయండి. వార్తలు, వీడియోలు తర్వాత. షెడ్యూల్డ్ (ఏజెన్సీ) ప్రాంతాల పాలన గురించి చెప్పే ఐదో షెడ్యూల్లో 5వ పేరా మొదటి భాగాన్ని చేత్తో రాసుకోండి. అది గవర్నర్‌కిచ్చిన అధికారంతోనే జీవో 3 వచ్చింది. "ఈ రాజ్యాంగంలో ఏమున్నప్పటికీ" అని మొదలవుతుంది. జీవో వైపు మాట్లాడేవాళ్ల బలం ఆ మాటే. కానీ వాక్యం అక్కడ ఆగదు. ఫలానా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతానికి వర్తించదని గానీ, కొన్ని మార్పులతో వర్తిస్తుందని గానీ గవర్నర్ నోటిఫికేషన్ ఇవ్వొచ్చు అంటుంది. మరి ఆ అధికారంతో కొత్త చట్టం చేయొచ్చా? ప్రాథమిక హక్కుల్ని దాటొచ్చా? రెండూ కుదరవంది కోర్టు. మీరు ఏ వైపు నిలబడ్డా ఆ ఒక్క వాక్యాన్ని వదలొద్దు.

తీర్పు పొడుగ్గా ఉంటుంది, టెన్షన్ పడకండి. కోర్టు ముందే నాలుగు ప్రశ్నలు వేసుకుంది. నాలుగు కాగితాల మీద వాటిని రాసుకుని, చదువుతూ పోతూ జవాబుల్ని కింద చేర్చండి. గవర్నర్ అధికారం ఎంత, వంద శాతం రిజర్వేషన్ చెల్లుతుందా అన్న రెండూ అందరూ చదువుతారు. మూడోదాన్ని చాలామంది దాటేస్తారు. ఇది రాజ్యాంగంలోని 16(4) అధికరణం (వెనకబడిన వర్గాలకి ఉద్యోగాల్లో కోటా) కింద రిజర్వేషన్ కాదు, 16(1) (ఉద్యోగాల్లో సమాన అవకాశం) కింద వర్గీకరణ మాత్రమే అన్న వాదన అది. కోర్టు ఒప్పుకోలేదు, అయినా జీవోని సమర్థించేవాళ్లు బాగా తెలుసుకోవాల్సిన దారి. నాలుగోది 1950 జనవరి 26 నుంచి అక్కడే నివాసం ఉండాలన్న షరతు. దీనివల్ల కొందరు గిరిజనులకి కూడా అవకాశం పోయేది. జీవోకి వ్యతిరేకంగా మాట్లాడేవాళ్లకి ఇంతకంటే గట్టి పాయింట్ లేదని నా అభిప్రాయం.

నా అనుభవం ఒకటి చెప్తాను. మాది ఏజెన్సీ ఊరే, మేం గిరిజనులం కాదు. సెకండియర్‌లో ఒక కాలేజీకి వెళ్లి జీవోని సమర్థించాను. చిన్నప్పుడు మా బడికి సార్లు సరిగా రాకపోవడం, కోయ మాట తెలిసిన టీచర్ వచ్చాక పిల్లలు బడి మానకపోవడం, అన్నీ మనసు పెట్టి చెప్పాను. జడ్జి ఒకటే అడిగారు: "అదే ఊళ్లో తరతరాలుగా ఉన్న దళిత కుటుంబం పిల్లకి ఏం చెప్తావమ్మా?" అది మా ఇంటి ప్రశ్నే. నా దగ్గర జవాబు లేదు. జీవో ఉద్దేశం న్యాయమైనదని ఇప్పటికీ నమ్ముతాను. వంద శాతం దగ్గరే నా వాదన తెగిపోయింది. అందుకే మీరు నమ్మని వైపు నుంచి కూడా పూర్తి ప్రసంగం రాయండి, బిగ్గరగా చదవండి.

రిజర్వేషన్లు యాభై శాతం దాటకూడదన్న 1992 నాటి సుప్రీంకోర్టు ఇంద్రా సహానీ తీర్పుని ఎదుటివాళ్లు తప్పకుండా ఎత్తుతారు. మారుమూల ప్రాంతాల్లో అసాధారణ పరిస్థితులుంటే సడలించొచ్చని ఆ తీర్పులోనే ఉందని చెప్పండి. ఇక్కడ ఆ పరిస్థితి ఎందుకుందో కూడా చూపాలి, లేకపోతే మాట నిలవదు. 1997 నాటి సమత తీర్పు ఎత్తేవాళ్లూ ఉంటారు. అది ఏజెన్సీ భూముల సంగతి. ఉద్యోగాల వాదనలోకి లాగితే పలచబడుతుంది.

ఐదు నిమిషాలిస్తే ఊరి కథకి ఒక్క నిమిషం చాలు.

ముందురోజు సాయంత్రం ఏజెన్సీ నుంచి వచ్చిన క్లాస్‌మేట్‌ని కూర్చోబెట్టి మీ వాదన వినిపించండి. అతను ఎక్కడ ఆపి అడిగితే అక్కడ మళ్లీ రాసుకోండి.